కాటా ముల్లు, బెల్టు ముల్లు: బరువు చూడాలా, ఒంట్లో కొవ్వు చూడాలా?

మూడు నెలలు పొద్దున్నే లేచి చెమటోడ్చాను. కాటా ఎక్కితే తగ్గింది ఒక్క కిలో. అదే మూడు నెలల్లో తెలిసినాయన ఒకరు ఆరు కిలోలు తగ్గి కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. ఇక మనవల్ల కాదులే అని మానేశాను. వారం తర్వాత ఎక్కడికో వెళ్తూ బెల్టు పెట్టుకుంటుంటే చేతికి తెలిసింది. కాటా ముల్లు పెద్దగా కదల్లేదు గానీ, బెల్టు ముల్లు రెండు చిల్లులు లోపలికి జరిగింది.

రెండు ముళ్లూ అబద్ధం చెప్పలేదు. రెండూ వేర్వేరు సంగతులు చెప్పాయంతే.

ఎలాగో తెలియాలంటే ఒక ఊహా లెక్క చూడండి. ఇద్దరు మనుషులు, ఇద్దరూ 70 కిలోలే, ఇద్దరి ఒంట్లోనూ 30 శాతం కొవ్వు. అంటే 21 కిలోలు కొవ్వు. మిగతా 49 కిలోలు కండ, ఎముక, నీళ్లు, అవయవాలు. మొదటి మనిషి బరువులెత్తుతూ, తిండి కాస్త సర్దుకుని, మూడు నెలల్లో 69 కిలోలకు వచ్చాడు. కొవ్వు 26.5 శాతం. రెండో మనిషి కడుపు మాడ్చుకుని 64కి దిగాడు. కొవ్వు 29 శాతం. ఇప్పుడు కొవ్వును కిలోల్లోకి మార్చండి. మొదటి మనిషికి మిగిలింది 18.3 కిలోలు, రెండో మనిషికి 18.6. కాటా మీద ఐదు కిలోల తేడా ఉన్నా కొవ్వు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ దాదాపు సమానమే. రెండో మనిషి పోగొట్టుకున్న ఆరు కిలోల్లో మూడున్నర కిలోలు అసలు కొవ్వే కాదు.

అలాగని కాటాను అటకెక్కించమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొవ్వు శాతం చూపిస్తామనే మెషిన్లు చాలావరకు కాటా కన్నా ఎక్కువ గందరగోళం పెడతాయి. ఏ కొలతను ఎందుకు వాడాలో తేల్చుకోవాలంటే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

## ఎంచుకునే ముందు

మొదటిది, అది నిజంగా దేన్ని కొలుస్తోంది? కాటా కొలిచేది బరువు, టేపు కొలిచేది చుట్టుకొలత. కొవ్వు శాతం చూపే మెషిన్లలో ఒక్కటి కూడా కొవ్వును నేరుగా తూచదు. ఇంకేదో కొలిచి, ఒక సూత్రంలో వేసి, ఇంత ఉండొచ్చని అంచనా కడుతుంది.

రెండోది, వెంటనే మళ్లీ కొలిస్తే అదే అంకె వస్తుందా? కచ్చితత్వం వేరు, నిలకడ వేరు. ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండే గోడ గడియారంతో బతికేయొచ్చు. ఒకరోజు ముందు, ఒకరోజు వెనక నడిచే గడియారంతో బస్సు దొరకదు. మార్పు చూడాలనుకునే వాళ్లకు కచ్చితత్వం కంటే నిలకడే ముఖ్యం. ఈ ఒక్క తేడా తెలియక చాలామంది ఖరీదైన కొలతల వెంట పడుతుంటారు.

మూడోది, అసలు మార్పు ఎంత, కొలతలో ఊగిసలాట ఎంత? నిదానంగా తగ్గేవాళ్లలో వారానికి పోయే కొవ్వు పావుకిలో నుంచి అరకిలో. ఒంట్లో నీళ్లు మాత్రం ఒక్క రోజులోనే కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి. అలల మధ్య చెరువు మట్టం చూడటం లాంటి పని ఇది.

ఇక నాలుగోది అందరూ వదిలేసే ప్రశ్న: ఆ అంకె చూశాక నేను చేసే పనిలో ఏం మారుతుంది? ఏమీ మారకపోతే ఆ కొలత అక్కర్లేదు.

## కాటా

కాటాకు రెండు మంచి గుణాలున్నాయి: చూసేందుకు నైపుణ్యం అక్కర్లేదు, నిలకడగా ఉంటుంది. దిగి మళ్లీ ఎక్కితే దాదాపు అదే అంకె. చిక్కంతా ఆ అంకెలో ఏముందో అది విడదీసి చెప్పకపోవడంలో ఉంది.

అందులో అన్నిటికన్నా అల్లరి చేసేది నీళ్లు. పిండిపదార్థాలను ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో దాదాపు 400. ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు కూడా ఉంటాయి. పిండిపదార్థాలు బాగా తగ్గించిన మొదటి వారంలో ఈ నిల్వ ఖాళీ అయితే నీళ్లతో కలిపి రెండు కిలోల దాకా పోతాయి. వారంలో రెండు కిలోలు తగ్గించిన అద్భుతమైన డైట్ల రహస్యం చాలావరకు ఇదే. మళ్లీ మామూలుగా తినగానే ఆ రెండు కిలోలు తిరిగొస్తాయి. డైట్ పాడైందని మనం కుమిలిపోతాం గానీ నిజానికి ట్యాంకు నిండింది, అంతే.

ఉప్పు ఎక్కువైన భోజనం, నెలసరి ముందు రోజులు, మలబద్ధకం, కొత్తగా మొదలెట్టిన బరువుల వ్యాయామం తర్వాత కండరాల్లో వాపు, బరువులెత్తేవాళ్లు తీసుకునే క్రియాటిన్ పొడి వాడకం, వీటిలో ఏ ఒక్కటైనా కాటాను పైకి నెడుతుంది. రాత్రికి రాత్రే కిలో పెరిగిందని కంగారుపడేవాళ్ల కోసం ఒక లెక్క. ఒంట్లో కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. రోజుకు 2,000 కేలరీలు తినేవాళ్లకు అది దాదాపు నాలుగు రోజుల భోజనం, అదీ రోజువారీ తిండికి అదనంగా. అంత తిన్నారా? తినలేదు కదా. అయితే అది కొవ్వు కాదు.

దీనికి మందు ఏడు రోజుల సగటు. పొద్దున్నే, బాత్రూంకి వెళ్లొచ్చాక, నీళ్లు తాగకముందు, గట్టి నేల మీద కాటా పెట్టి చూసి రాసుకోవాలి. నా పుస్తకంలోంచి రెండు వారాలు ఇవి:

| | సోమ | మంగళ | బుధ | గురు | శుక్ర | శని | ఆది | సగటు |
|---|---|---|---|---|---|---|---|---|
| మొదటి వారం | 71.2 | 70.6 | 71.9 | 71.0 | 70.8 | 71.4 | 70.7 | 71.1 |
| రెండో వారం | 70.9 | 71.3 | 70.4 | 70.8 | 71.2 | 70.3 | 70.6 | 70.8 |

మంగళవారాలు మాత్రమే చూసే అలవాటుంటే ఆ రెండు వారాల్లో నేను 700 గ్రాములు పెరిగాను. బుధవారాలు చూస్తే కిలోన్నర తగ్గాను. సగటు చూస్తే 300 గ్రాములు తగ్గాను, నిజానికి దగ్గరగా ఉన్నది అదే. వారానికొక్కసారే చూడమని చాలామంది సలహా ఇస్తారు. మనసు కుదుటగా ఉండటానికి అది మంచిదే కావచ్చు గానీ, లెక్క కోసమైతే రోజూ చూసి సగటు తీయడమే నయం.

అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ అని ఒకటుంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాది పాటు మళ్లీ పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్లు అందులో చేరతారు. వాళ్లలో దాదాపు 75 శాతం మంది కనీసం వారానికోసారి కాటా ఎక్కుతారు. కాటా ఎక్కడం వల్లే నిలబెట్టుకున్నారని దీన్నిబట్టి చెప్పలేం. కానీ కాటా దండగ అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

## బీఎంఐ

కాటా అంకెకే ఎత్తు జోడిస్తే బీఎంఐ, అంటే బాడీ మాస్ ఇండెక్స్: కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే వేసిన లెక్క ఇది. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దీనికి ఇప్పటి పేరు పెట్టారు. పెద్ద సమూహాలను చూడటానికి బాగానే పనికొస్తుంది. ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికే తేలిపోతుంది.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫొటో. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా 22.3. కొవ్వు శాతం మాత్రం యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. దక్షిణాసియా వాళ్లలో అదే బీఎంఐకి కొవ్వు ఎక్కువగా, అదీ పొట్ట చుట్టూ ఉండే ధోరణికి ఇదొక నిలువెత్తు నిదర్శనం. ఆసియా జనాభా విషయంలో 25 దాకా ఆగకుండా 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించిందీ ఇలాంటి కారణంతోనే. నా బీఎంఐ నార్మల్ అని నిశ్చింతగా ఉన్నవాళ్లు టేపు తీయాల్సిందే.

## నడుం టేపు

ఒక్క కొలతే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఇదే.

కొవ్వు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యం. తొడల మీద చర్మం కింద ఉన్న కొవ్వు కన్నా పొట్ట లోపల పేగులు, కాలేయం చుట్టూ చేరే కొవ్వు షుగరుకు, గుండె జబ్బుకు దగ్గర. దాన్ని కాటా చూడలేదు. టేపు కూడా నేరుగా చూడలేదు గానీ నీడనైనా పట్టుకుంటుంది. గుర్తుంచుకోవడానికి తేలికైన హద్దు: నడుం చుట్టుకొలత మీ ఎత్తులో సగం దాటకూడదు. 160 సెంటీమీటర్ల మనిషికి 80, 170 ఉన్నవాళ్లకు 85. దక్షిణాసియా వాళ్లకు విడిగా వాడే హద్దులు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80.

కొలవడంలోనే అందరూ తప్పు చేస్తారు. ప్యాంటు కట్టే చోటు నడుం కాదు. పక్కన చివరి పక్కటెముక అడుగు ఎక్కడుందో వేలితో తడమండి, తుంటి ఎముక పై అంచు ఎక్కడుందో చూడండి. ఆ రెండింటి మధ్యలో టేపు చుట్టాలి. చుట్టూ నేలకు సమాంతరంగా ఉండాలి, వెనక జారిందేమో అద్దంలో చూసుకోండి. మామూలుగా ఊపిరి వదిలి, ఆ చివర్లో అంకె చదవాలి. పొట్ట లోపలికి లాక్కోకూడదు. ఎవరూ చూడకపోయినా లాక్కుంటాం, అది మనిషి స్వభావం. అందుకే మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోవాలి.

ఇంత చేసినా ఒక సెంటీమీటరు అటూ ఇటూ తప్పదు. కాబట్టి రోజూ చూడటం వృథా. రెండు వారాలకొకసారి చాలు. దాంతో పాటు భుజం కింద చేతి చుట్టుకొలత, తొడ చుట్టుకొలత కూడా రాసుకుంటే ఇంకా మంచిది. నడుం తగ్గుతూ చేయి, తొడ నిలబడితే కొవ్వు పోతోంది, కండ ఉంటోందని అర్థం. అన్నీ ఒకేలా సన్నబడుతుంటే తిండి మరీ తక్కువైందేమో ఆలోచించాలి.

మధ్యలో ఒక మాట. కొవ్వు కన్నా కండ బరువు అనడం వినే ఉంటారు. కిలో ఏదైనా కిలోనే. అసలు తేడా చోటులో ఉంది. కిలో కొవ్వు దాదాపు 1.1 లీటర్ల చోటు తీసుకుంటే, కిలో కండ 0.94 లీటరు తీసుకుంటుంది. తేడా ఉన్నమాట నిజమే గానీ, కొవ్వు ముద్దను కండ ముద్దకు మూడింతలు చేసి చూపించే ఫొటోలంత కాదు. నడుం తగ్గిందంటే అది కండ సాంద్రత మహిమ కాదు, కొవ్వు తగ్గిందనే.

## ఇంట్లో ఉండే స్మార్ట్ స్కేల్

పాదాలు పెట్టగానే కొవ్వు, కండ, నీళ్లు, ఎముక, చివరికి ఒంటి వయసు కూడా చూపించే మెషిన్. సందేహాలు ఎక్కువగా వచ్చేది దీని మీదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

లోపల జరిగేది ఇది. ఒక పాదం నుంచి చిన్న కరెంటు పంపి, రెండో పాదం దగ్గర ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. నీళ్లున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో అడ్డు తగులుతుంది. అది కొలిచేది ఆ అడ్డును మాత్రమే. తర్వాత మీరు ఇచ్చిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరం, బరువు కలిపి సూత్రంలో వేస్తుంది. పైగా పాదాల మీద నిలబడే రకంలో కరెంటు ఒక కాలు ఎక్కి ఇంకో కాలు దిగుతుంది. మనం దిగులుపడే పొట్ట దాని దారిలో దాదాపు లేదు. పొట్ట గురించి అది చెప్పేదంతా కాళ్లను చూసి వేసిన అంచనా. చేతులతో కూడా పట్టుకునే రకం కొంత మెరుగు.

ఒకరోజు కావాలనే మూడుసార్లు ఎక్కాను. నిద్ర లేచాక 27.9 శాతం. వేడినీళ్ల స్నానం చేసి పాదాలు తడిగా ఉండగా 26.6. సాయంత్రం 25.8. పొద్దుటికి, సాయంత్రానికి 2.1 శాతం తేడా. 70 కిలోల మనిషిలో అది దాదాపు కిలోన్నర కొవ్వు! ఆ రోజంతా కుర్చీలోనే కూర్చున్నాను. తర్వాత సెట్టింగుల్లో క్రీడాకారుల మోడ్ నొక్కితే క్షణంలో ఇంకా తగ్గాను.

కాబట్టి పూర్తిగా పారేయాలా? అక్కర్లేదు. రోజూ ఒకే వేళ, అదే స్థితిలో ఎక్కి, నెల సగటును ఇంకో నెల సగటుతో పోలిస్తే దిశ తెలుస్తుంది. మీ శాతాన్ని వేరేవాళ్ల మెషిన్ శాతంతో పోల్చడం మాత్రం అర్థం లేని పని. ఎముక బరువు, ఒంటి వయసు లాంటి గడులను నేనసలు చూడను. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ రకం మెషిన్ ఎక్కకూడదు, గర్భిణులకు కూడా వద్దనే తయారీదారులు రాస్తారు.

## కాలిపర్

చర్మాన్ని మడతగా పట్టి మందం కొలిచే పరికరం. ఆ మందాన్ని కొవ్వు శాతంలోకి మార్చడానికి 1974 నాటి డర్నిన్, వోమర్స్‌లీ సూత్రం, 1978 నాటి జాక్సన్, పొలాక్ సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. చెయ్యి తిరిగినవాళ్లు, ఎప్పుడూ అదే మనిషి కొలిస్తే బాగా పనిచేస్తుంది. కొలిచే మనిషి మారితే పాత అంకెలకు విలువ లేదు. నా సలహా: శాతంలోకి మార్చడం మానేసి, అన్ని చోట్ల మిల్లీమీటర్లు కూడి ఆ మొత్తాన్ని చూసుకోండి. సూత్రం తెచ్చే తప్పు అందులో ఉండదు. లావు ఎక్కువున్నవాళ్లకు మడత సరిగా చిక్కదు, వాళ్లకు ఇది వద్దు.

## డెక్సా స్కాన్

ఎముకల సాంద్రత చూడటానికి పుట్టిన మెషిన్ ఇది. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి ఎముక, కొవ్వు, మిగతా మెత్తటి భాగాన్ని విడదీస్తుంది. కుడి చెయ్యి, ఎడమ కాలు, నడుం అంటూ ఏ భాగంలో ఎంతో చెబుతుంది. రేడియేషన్ చాలా స్వల్పం. గర్భిణులకు మాత్రం చేయరు.

మనకు అందుబాటులో ఉన్నవాటిలో మెరుగైనది ఇదే, ఒప్పుకుంటాను. కానీ రిపోర్టు చేతికొచ్చాక ఒక పొరపాటు చేస్తాం. అందులో లీన్ మాస్ (కొవ్వు, ఎముక పోగా మిగిలిన భాగం) అని ఉండేదాన్ని కండ అనుకుంటాం. అందులో నీళ్లు, అవయవాలు కూడా ఉన్నాయి. ముందురోజు పిండిపదార్థాలు దండిగా తిని వెళ్తే గ్లైకోజెన్, దానితో చేరిన నీళ్లు లీన్ ఖాతాలోనే పడతాయి. ఖాళీ కడుపుతో మూడు నెలల కింద ఒకటి, భోజనం చేసి ఇవాళ ఒకటి తీయించుకుని కిలో కండ పెరిగిందని సంబరపడితే అది నీళ్ల సంబరం. పైగా ఒక శాతం, రెండు శాతం తేడా కొలతలోనే ఉంటుంది. వేరే కంపెనీ మెషిన్ మీద ఇంకో అంకె వస్తుంది. అదే మెషిన్, అదే వేళ, ఖాళీ కడుపు అన్న నియమాలు పాటించగలిగితే ఆరు నెలలకోసారి తీయించుకోవచ్చు. నెలనెలా తీయిస్తే దాదాపు ఊగిసలాటనే డబ్బిచ్చి కొనుక్కోవడం.

## నీళ్లలో తూకం

ఇది చరిత్ర కోసం. నీళ్లలో మునిగినప్పుడు తగ్గే బరువును బట్టి సాంద్రత కనుక్కుని, కొవ్వు సాంద్రత 0.9 అని, కొవ్వు కాని భాగానిది 1.1 అని తీసుకుని శాతం లెక్కగడతారు. ఆర్కిమెడిస్ సూత్రమే. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ బృందం 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇలా తూచింది. ఎత్తు, బరువు పట్టికల ప్రకారం వాళ్లలో 17 మంది సైన్యానికి పనికిరానంత లావు. నీళ్లలో తూచి చూస్తే ఆ లావులో చాలావరకు కండే. బరువు వేరు, కొవ్వు వేరన్న సంగతి అప్పుడే అంకెల్లో తేలింది. మామూలు మనుషులకు ఇంత తతంగం అక్కర్లేదు.

## పక్కపక్కన పెడితే

| కొలత | చూసేది | నిలకడ | ఎన్నాళ్లకోసారి | పెద్ద లోపం |
|---|---|---|---|---|
| కాటా | మొత్తం బరువు | చాలా బాగుంటుంది | రోజూ, వారం సగటు | నీళ్లు, కండ, కొవ్వు కలిసిపోతాయి |
| బీఎంఐ | ఎత్తుకు తగ్గ బరువు | కాటాతో సమానం | ఏడాదికోసారి చాలు | కొవ్వు ఎంతో, ఎక్కడో చెప్పదు |
| నడుం టేపు | పొట్ట చుట్టుకొలత | సరిగ్గా చుడితే బాగుంటుంది | రెండు వారాలు | ఒక సెంటీమీటరు తేడా మామూలే |
| స్మార్ట్ స్కేల్ | కరెంటుకు తగిలే అడ్డు | నీళ్లను బట్టి ఊగుతుంది | నెల సగటు | శాతం అంచనా మాత్రమే |
| కాలిపర్ | చర్మం మడత మందం | కొలిచే చేతిని బట్టి | నెల | లోపలి కొవ్వు తెలియదు |
| డెక్సా | కొవ్వు, ఎముక, మిగతాది | బాగుంటుంది | ఆరు నెలలు | నీళ్లను కండలో కలిపి చూపిస్తుంది |

పట్టికలో లేనిది ఇంకొకటుంది: బరువులెత్తే పుస్తకం. ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు అని రాసుకోవడం. బరువు తగ్గుతున్నా ఎత్తే బరువులు తగ్గకపోతే కండ చాలావరకు నిలబడినట్టే. దీనికి మెషిన్ అక్కర్లేదు, అబద్ధం ఆడదు.

## ఎవరికి ఏది

తగ్గాల్సింది 20, 30 కిలోలు ఉన్నవాళ్లకు కాటా చక్కగా సరిపోతుంది. తగ్గేది ఎక్కువ కాబట్టి నీళ్ల ఊగిసలాటలో మార్పు మునిగిపోదు. తోడుగా టేపు ఉంటే చాలు, కొవ్వు శాతం జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదు. మామూలుగా డైట్ చేసేవాళ్లలో పోయే బరువులో సుమారు పావు వంతు కొవ్వు కానిదే ఉంటుంది. కాబట్టి కాటా దిగుతున్న వేగం చూసి మురిసిపోయే ముందు వారానికి రెండుసార్లైనా బరువులెత్తే వ్యాయామం, చాలినంత ప్రొటీన్ ఉన్నాయా అని చూసుకోవాలి.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో డెక్సా తీసిన 140 మంది లెక్క చూస్తే, పోయిన బరువులో దాదాపు 40 శాతం లీన్ మాసే. మందు మొదలెట్టే ముందు ఒక డెక్సా, ఆరు నెలలకు ఒకటి తీయించుకోవడానికి అర్థమున్న సందర్భం ఇదేనని నా అభిప్రాయం. ఆ రిపోర్టు చూసి డాక్టరు మోతాదు, మీరు వ్యాయామం నిజంగా మార్చుకోగలరు.

బరువు నార్మల్, పొట్ట మాత్రం ముందుకొచ్చింది అనేవాళ్లు కాటాను పక్కన పెట్టేయొచ్చు. కాటా ముల్లు కదలకుండా నడుం ఐదు సెంటీమీటర్లు తగ్గడమే వాళ్ల విజయం. కొత్తగా బరువులెత్తడం మొదలెట్టినవాళ్లదీ అదే కథ. మొదటి నెలల్లో కండ పెరుగుతూ కొవ్వు తగ్గుతుంది కాబట్టి కాటా మొండికేస్తుంది. నేను మానేసింది సరిగ్గా అక్కడే.

అరవై దాటినవాళ్లు బరువు తగ్గిందని సంతోషించే ముందు ఆగాలి. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ పోతుంటుంది, వయసు పైబడేకొద్దీ ఇంకా వేగంగా. వీళ్లకు కొవ్వు శాతం కన్నా పనికొచ్చే పరీక్ష కుర్చీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టు లెక్క, డాక్టరుతో మాట్లాడాలి.

గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు, డయాలసిస్ చేయించుకునేవాళ్లకు అంతా తలకిందులు. ఇప్పటిదాకా మనం తిట్టుకున్న ఆ నీళ్ల బరువే వాళ్లు చూడాల్సింది. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు ఒక్క రోజులో కిలో పైన, వారంలో రెండు కిలోల పైన పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ రెండు రకాల వాళ్లకూ రోజూ కాటా తప్పనిసరి, సగటు కోసం ఆగకూడదు.

అంకె చూసి రోజంతా పాడైపోయేవాళ్లు, అంకె కోసం తిండి మానేసే అలవాటున్నవాళ్లు ఏ కొలతా పెట్టుకోకపోవడమే మంచిది. డెక్సా అయినా సరే, వాళ్లకది ఇంకో కాటాయే. ఏటా ఒకసారి డాక్టరు దగ్గర చూపించుకుంటే చాలు.

## రెండు అంకెలు కలిపి చదవడం

మిగతావాళ్లకు నేను చెప్పేది కాటా సగటు, నడుం టేపు. ఈ రెండూ కలిపి చదివితే ఖరీదైన కొలతలు చెప్పేదాంట్లో చాలాభాగం తెలిసిపోతుంది.

రెండూ తగ్గుతుంటే చేస్తున్నదే చేయండి. బరువు ఆగి నడుం తగ్గుతుంటే కొవ్వు పోయి కండ వస్తోంది, ఏమీ మార్చొద్దు; అందరూ అనవసరంగా తిండి ఇంకా తగ్గించేది ఇక్కడే. బరువు తగ్గుతూ నడుం కదలకపోతే మొదటి రెండు వారాలైతే అది నీళ్లు, నెల దాటితే కండ పోతుండొచ్చు, వ్యాయామం చూసుకోవాలి. బరువు కాస్త పెరిగి నడుం అలాగే ఉండి, ఎత్తే బరువులు పెరుగుతుంటే దిగులు అక్కర్లేదు. రెండూ నెల పాటు పెరిగితే మాత్రం సాకులు వెతక్కండి, తిండి ఎక్కువైంది. ప్రయత్నం లేకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలో బరువు 5 శాతం తగ్గితే ఈ పట్టికలన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రేపు మొదలెడదామనుకుంటే మొదటి పద్నాలుగు రోజులు తిండి మార్చొద్దు, వ్యాయామం మార్చొద్దు. రోజూ కాటా అంకె రాయండి, మొదటి రోజు, చివరి రోజు నడుం కొలవండి. మీ ఒళ్లు ఊరికే ఎంత ఊగుతుందో ముందు తెలియాలి. నాది కిలోన్నర ఊగుతుంది. అది తెలిశాక బుధవారం 71.9 చూసి నేను పొద్దుటి టిఫిన్ మానేయలేదు.